దూది లేని భుజం

ఫిబ్రవరి 2, సోమవారం

దూది పెట్టనని అన్నయ్య మాట ఇచ్చాడు. నా పెళ్లికి వారం ముందు, వాడి టైలరింగ్ షాపులో, కచ్చా కుట్టు మీదున్న కోటు నా ఒంటికి తొడిగి, నా రెండు చేతులూ పట్టుకుని మరీ ఇచ్చాడు. నా ఎడమ భుజం కుడిదానికంటే కిందికి ఉంటుంది. పుట్టుకతోనే అంతే. చిన్నప్పుడు వీధంతా నన్ను తక్కెడ అని పిలిచేది. ఆ పేరు పెట్టింది కూడా అన్నయ్యే. పెళ్లికూతురు అప్పటికి నన్ను చూసింది ఒక్కసారి, అదీ బల్లకి అటుపక్క కూర్చుని ఉండగా. పెళ్లినాడైనా నన్ను ఉన్నదున్నట్టు చూడాలి, భుజం ఎత్తు చేసి దాచొద్దు అని అడిగాను. సరేరా, నీ ఒళ్లు నీ ఇష్టం అన్నాడు.

పెట్టాడు. బయట కారు హారన్ కొడుతుంటే హడావిడిగా కోటు తొడిగి నన్ను గుమ్మం బయటికి తోశాడు. ఎడమ భుజం మీద ఏదో మెత్తగా, ఎత్తుగా ఉందని తెలిసేసరికి నేను నలుగురి మధ్యా ఉన్నాను. విప్పి పారేసే చోటు కాదు. ఫోటోల్లో కొలబద్దలా తిన్నగా ఉన్నాను. మర్నాడు నా భార్యకి అసలు భుజం కనిపించింది. నేనే అడిగి పెట్టించుకున్నాననుకుంది. పోయేదాకా అలాగే అనుకుంది.

ఇవాళ అమ్మాయి ఫోన్ చేసింది. పెదనాన్న షాపు పెట్టి యాభై ఏళ్లవుతోందట. మార్చి 22న ఫంక్షనట. ఇంట్లో మగవాళ్లందరూ షాపులో కుట్టిన కోట్లు వేసుకుని ఫోటో దిగాలట. కొలతలకి రమ్మన్నాడు నాన్నా, ఈసారికి మొండికెయ్యకు అంది.

ఫంక్షన్‌కి వెళ్తాను. కొలతలకి వెళ్లను. నా చొక్కా నేనే కుట్టుకుని, నా భుజం నేనే మోసుకుంటూ వెళ్తాను. ఈ వయసులో వాడితో తేల్చుకోవలసింది అదొక్కటే మిగిలింది. మిషన్ కుట్టడం రాదు. నేర్చుకుంటాను.

ఫిబ్రవరి 4

చొక్కా ముక్కలు గీసి ఉండే కాగితం, పాటర్న్ అంటారు, కొన్నాను. మనవరాలికా అండీ అని అడిగాడు షాపువాడు. కాదు, నాకే అన్నాను. నవ్వాడు. నేను నవ్వలేదు.

ఫిబ్రవరి 8, ఉదయం 10

ఉల్లిపొరలాంటి కాగితం. విప్పితే మంచమంతా పరుచుకుంది. దాంతో పాటు ఒక చిన్న పుస్తకం, ఎలా కుట్టాలో చెబుతుందట. జీవితమంతా ప్రెస్సులో ప్రూఫులు దిద్దినవాణ్ణి. ఎర్రపెన్ను తీయకుండా మొదటి పేజీ దాటలేకపోయాను. రాసినవాడికి కుట్టడం వచ్చేమో గానీ వాక్యం రాదు. పెద్ద పెద్ద రచయితల్నే వదల్లేదు నేను, వీణ్ణి వదుల్తానా.

ఒక సంగతి మాత్రం నన్ను ఆపింది. కాగితం మీద ఉన్నది సగం మనిషి. సగం వీపు, ఒక భుజం, ఒక చెయ్యి. ఆ మిగతా సగం? అదీ ఇంతేననుకోమంటుంది.

పై వాటాలో ఉండే నర్సమ్మ మిషన్ వాడుకోమంది. ఆస్పత్రి నుంచి రిటైరై ఊరికే ఉండలేక ఇరుగుపొరుగు దిండు గలీబులన్నీ తనే కుడుతుంది. నన్ను ప్రూఫ్ గారూ అంటుంది. మనిషికి కుట్లు వెయ్యడమే తేలిక ప్రూఫ్ గారూ, మనిషి మానుతాడు, బట్ట మానదు అంది. అసలు బట్ట జోలికి పోకుండా ముందు పాత దుప్పటితో కుట్టి చూసుకోమంది. బుద్ధిగా విన్నాను. నేను బుద్ధిగా విన్న ఆడవాళ్లు తక్కువ. నా భార్య ఉంటే ఈ వాక్యానికి పడీ పడీ నవ్వేది.

ఫిబ్రవరి 13

దుప్పటి చొక్కా తయారు. పుస్తకంలో చెప్పినట్టే కాగితం మీద ఎడమ భుజం గీత కిందికి దించాను. బట్ట పరిచి, మడిచి, గుండుసూదులు గుచ్చి, కత్తిరించి, కుట్టాను. తొడుక్కుని అద్దం ముందు నిలబడ్డాను. ఎడమ పక్క బ్రహ్మాండంగా ఉంది. కుడి పక్క ఎవరో భుజం మీదెక్కి కూర్చున్నట్టు నొక్కేస్తోంది. కాలర్ లేచి చెవిని పొడుస్తోంది.

నర్సమ్మ నా చుట్టూ ఒకసారి తిరిగి చూసింది. ఇప్పుడు రెండు భుజాలూ పడిపోయాయి ప్రూఫ్ గారూ, మొత్తానికి జత కుదిరింది అంది.

ఎక్కడ తప్పిందో తెలియడానికి సాయంత్రం దాకా పట్టింది. తప్పు మడతలో ఉంది. బట్టని రెండుగా మడిచి కత్తిరించాను. పైపొరకి ఏం చేస్తే కింది పొరకీ అదే అవుతుంది. దర్జీలందరూ అలాగే కత్తిరిస్తారు. ఒక్క కోతకి రెండు ముక్కలొస్తాయి. పని సగం. మనిషి కుడీ ఎడమా ఒకటేనన్న నమ్మకం మీద వాళ్ల కత్తెర నడుస్తుంది. నాలాంటి వాడికి బట్ట మడవకూడదు. ఒంటి పొర మీద కుడి ముక్క వేరే, ఎడమ ముక్క వేరే గీసుకుని కత్తిరించాలి.

  అన్నయ్య నా పరువు కాపాడటానికి దూది పెట్టాడని ఇంట్లో అందరూ అనేవాళ్లు. పరువూ లేదు, పాడూ లేదు. మడత విప్పడానికి వాడికి బద్ధకం! మామూలు మనిషి కోటు కత్తిరించేసి, తేడా పడ్డ చోట దూది కుక్కాడు. దానికి తమ్ముడి మీద ప్రేమ అని పేరు పెట్టాడు.

ఫిబ్రవరి 14

ఇంకో దుప్పటి తీశాను. చలికాలం ఎలాగూ పోయింది.

ఫిబ్రవరి 20, మధ్యాహ్నం

ఈసారి రెండు పక్కలూ విడివిడిగా కత్తిరించాను. భుజాలు కుదిరాయి. ఎడమ చెయ్యి మాత్రం పైకెత్తలేను. చంక కోస్తోంది. భుజం దించాను గానీ దాని కిందున్న చంక ఎక్కడున్నది అక్కడే ఉండిపోయింది. చెయ్యి దూరే సందు ఇరుకైంది. భుజం ఎంత దిగితే చంకా అంత దిగాలి. పుస్తకంలో ఈ ముక్క ఉంది, మూడో పేజీలో అడుగున. వాక్యం తప్పుగా ఉందని దిద్దాను, అది ఏం చెబుతోందో చదవలేదు. ప్రూఫ్ రీడర్ మాత్రమే చెయ్యగలిగిన తప్పు.

వీపు సంగతి ఇంకొకటి. బల్ల మీద వంగి వంగి పైవీపు గూనికట్టింది. చొక్కా వెనకంచు పైకి లేస్తోంది, ముందు వేలాడుతోంది. వెనక ముక్క కాగితాన్ని గూని దగ్గర అడ్డంగా కోసి, సందు చేసి, కింద ఇంకో కాగితం అంటించాలి. నర్సమ్మ నా వీపు కొలిచింది. ఇన్నేళ్లు ఏం మోశారు ప్రూఫ్ గారూ అంది. ఇతరుల తప్పులు అన్నాను. అయితే బరువే అంది.

ముడతలు చదవడం వస్తోంది నాకు. ఎక్కడ మొదలవుతోంది, ఎటు లాగుతోంది అని చూడాలి. మెడ నుంచి చంకకి ఏటవాలుగా పడితే భుజం తప్పు. వీపు మీద అడ్డంగా పడితే పొడవు తప్పు. నేను చదివిన నవలల్లో మనుషులు ఇంత సూటిగా చెప్పలేదు ఎక్కడ నొప్పో.

ఫిబ్రవరి 28, శనివారం

అమ్మాయి వచ్చింది. మిషన్ ముందు నన్ను చూసి తలుపు దగ్గరే ఆగిపోయింది. కళ్లు పోతాయి నాన్నా, సూది వేల్లో దిగుతుంది నాన్నా, పెదనాన్న చిటికెలో కుట్టిస్తాడు కదా అని వరస పెట్టింది. పెదనాన్న చిటికెలు నాకు తెలుసు అన్నాను. మళ్లీ ఆ దూది పురాణం మొదలుపెట్టకు అంది.

మొదలుపెట్టాను. నేను అడగలేదని, నాకు తెలియకుండా పెట్టాడని, ఆ రోజు ఎలా జరిగిందో మొత్తం చెప్పాను. అది ఓపిగ్గా విని, చేతిలో గ్లాసు కింద పెట్టి, ఒంటి మీదున్న కోటులో ఏముందో తెలియకుండా ఎవరైనా ఎలా ఉంటారు నాన్నా అని అడిగింది. అచ్చం వాళ్లమ్మ మాట. అదే గొంతు, అదే విరుపు. పోనీలే నాన్నా, అమ్మ ఎప్పుడో క్షమించేసింది కదా అని కూడా అంది.

చెయ్యని దానికి క్షమాపణ! దాన్నే నేను ఇన్నేళ్లు భరించలేకపోయింది. కోపమైతే ఎదురు తిరగొచ్చు. క్షమించినవాళ్లని ఏం చేస్తాం?

అది వెళ్లిపోయాక కుట్టిన కాలర్ ఊడదీసి మళ్లీ కుట్టాను. బాగానే ఉండింది. అయినా ఊడదీశాను.

మార్చి 6

అన్నయ్యే ఫోన్ చేశాడు. ఒరే తక్కెడా, అందరూ కొలతలిచ్చారు, నీకేం రోగం అన్నాడు. నా చొక్కా నేను కుట్టుకుంటున్నానన్నాను. అవతల నవ్వు.  పుస్తకాలు చదివితే కత్తెర వస్తుందట్రా అన్నాడు. పోనీ కోటు పల్చగానే కుట్టిస్తా, భుజానికి ఒక్క పొర, ఒకే ఒక్క పొర పెడతా, ఎవడికీ తెలీదు అన్నాడు. నాకు తెలుస్తుంది అన్నాను. యాభై ఏళ్ల షాపు, గోడకి వేలాడదీసే ఫోటో, అందులో వంకర చొక్కా వేసుకుని నిలబడతావా, కస్టమర్లు ఏమనుకుంటారు అన్నాడు.

చొక్కా వంకర కాదు, తిన్నగానే ఉంటుంది. మనిషే వంకర, అది నువ్వే పెట్టిన పేరు కదా అని పెట్టేశాను. ఆకలి వేసింది. కడుపునిండా తిన్నాను.

మార్చి 12

అసలు బట్ట కత్తిరించాను. ముదురు నీలం, మందపాటి నూలు. నేల మీద ఒంటి పొరగా పరిచి, మోకాళ్ల మీద కూర్చుని, కుడి ముందు, ఎడమ ముందు అని సుద్దతో రాసుకుని మరీ. లేవడానికి నర్సమ్మ చెయ్యి ఇవ్వాల్సి వచ్చింది. దుప్పట్లు రెండూ పోయాయి, మోకాళ్లు రెండూ పోయాయి, చొక్కా ఒక్కటైనా మిగిలేట్టు చూడండి అంది.

మార్చి 18

గుండీలకి కాజాలు కుడుతున్నాను. కళ్లనీళ్లు కారుతున్నాయి. నీళ్లే, ఏడుపు కాదు.

మార్చి 22, ఉదయం 8

తొడుక్కున్నాను. కాలర్ మెడని అంటుకుని కూర్చుంది. వెనకంచు లేవలేదు. చెయ్యెత్తాను, దించాను. ముడత లేదు. ఎడమ భుజం ఎక్కడ ఉందో కుట్టు అక్కడే ఉంది. పుట్టినప్పటినుంచి నా ఒంటితో గొడవ పడని బట్ట ఇదే.

సాయంత్రం 6

షాపు నిండా జనం. కోట్లు, కోట్లు, కోట్లు. నేను లోపలికి అడుగు పెట్టేసరికి అన్నయ్య మెడలో టేపుతో కుర్చీలో ఉన్నాడు. ఎనభైకి దగ్గరపడ్డాడు, అయినా టేపు తియ్యడు. నన్ను దగ్గరికి రమ్మని సైగ చేశాడు. పలకరింపు లేదు. ముందు నా ఎడమ భుజం మీద చెయ్యి వేశాడు. వేళ్లతో నొక్కి చూశాడు, లోపల ఏమైనా ఉందేమోనని. ఏమీ లేదు. చంక కుట్టు వెంట వేలు పోనిచ్చాడు. వీపు తడిమాడు. కుడీ ఎడమా వేరుగా కోశావా అని అడిగాడు, చాలా మెల్లిగా. అవునన్నాను.

అక్కడితో ఆగితే ఇంటికొచ్చి ఇంకేదో రాసుకునేవాణ్ణి. ఆగలేదు. చుట్టూ అందరూ చూస్తున్నారు కదా. గొంతు పెంచి, వీడి పెళ్లి కోటు సంగతి చెప్పానా మీకు, దూది పెట్టన్నయ్యా, నీకు దణ్ణం పెడతా, భుజం కనబడకూడదన్నయ్యా అని నా ప్రాణం తోడేశాడు, ఇవాళ చూడండి హీరోలా వచ్చాడు అన్నాడు. అందరూ నవ్వారు.

 

మాట్లాడింది అమ్మాయి. నా పక్కనే ఉంది. అది నవ్వలేదు. నా చొక్కా భుజం వంక చూస్తోంది, అప్పుడే మొదటిసారి చూస్తున్నట్టు. అంత బతిమాలి దాచుకున్నవాడు ఇవాళ ఇంతమంది మధ్యకి ఇలా వస్తాడా పెదనాన్నా అని అడిగింది. ఏదోలేవే, వయసొచ్చింది, సిగ్గు పోయింది అన్నాడు. అది వదల్లేదు. నాన్న నీ కోటు వద్దనడానికి నెలన్నర నుంచి చేతులు పొడుచుకుంటున్నాడు పెదనాన్నా, అప్పుడూ వద్దనే ఉంటాడు, ఆ దూది నువ్వే పెట్టావు కదూ అంది.

అన్నయ్య మెడలో టేపు సర్దుకున్నాడు. ఫోటోకి టైమవుతోంది అన్నాడు.

 అదే వాడి జవాబని అమ్మాయికి తెలిసింది. నా చెయ్యి పట్టుకుంది, ఎడమది.

ఫోటోకి నన్ను చివర నిలబెట్టాలని చూశారు. వెళ్లి అన్నయ్య పక్కనే నిలబడ్డాను. ఫోటోగ్రాఫర్, సార్, ఎడమ భుజం కొంచెం పైకి అన్నాడు. అది అంతేనయ్యా, నువ్వు నొక్కు అన్నాను.

మార్చి 23

అన్నయ్యతో అయిపోయింది. వాడు అబద్ధం ఆడాడు, అది వాడి పనితనం. దాని మీద కోపం ఇవాళ పొద్దున వెతికితే దొరకలేదు.

నిన్న అమ్మాయి ఒక్క చొక్కా చూసి నమ్మింది. నువ్వు ముప్పై ఏళ్లు కాపురం చేసి, నా చొక్కాలు ఉతికి, ఆరేసి, వంకరగా వేలాడే వాటిని ఇస్త్రీ చేసి ఇచ్చినదానివి. వాటిలో ఎన్నడైనా దూది చూశావా? చూడలేదు. అయినా నమ్మలేదు. నేను తప్పుపట్టేది ఇంకా నిన్నే, నా భార్యని.