రెండో వేసవి దాటిన ఎరుపు

గుంటూరు

ప్రియమైన అమ్మకు,

హెలెన్ వందనాలు. దేవుని దయవల్ల నాన్నా నేనూ క్షేమం. దాచేపల్లిలో నువ్వు, స్తుతక్క, బావ, చంటిది కూడా క్షేమమని తలుస్తాను. నాన్న వేళకు తింటున్నాడా అని అడిగావు. నా వంటను తిడుతూ తింటున్నాడు. ఫోన్ చెయ్యకుండా ఉత్తరమేమిటంటావా? ఫోనయితే సగంలోనే తిట్టడం మొదలెడతావు. ఇదయితే చివరిదాకా చదవాల్సిందే.

అమ్మా, నేను గెలిచాను!

మా ఏసీ గోదాములో మిరపకాయల రంగు ఎనిమిది నెలల వరకే పరీక్షించారు. రెండో వేసవి దాటితే ఏమవుతుందో చెప్పమన్నారు మా మేనేజరు గౌస్ బాషా గారు. ఆగి చూసే తీరిక లేదు. అందుకని కాయల్ని వెచ్చటి పెట్టెల్లో పెట్టి, వేడి పెరిగేకొద్దీ రంగు ఎంత తొందరగా పోతుందో చూశాను. అది తెలిస్తే చలిలో ఎంత నిదానంగా పోతుందో లెక్క కట్టొచ్చు. ఎరుపు నిలుస్తుందనే తేలింది.

మిర్చి వ్యాపారి బాపయ్యగారు పకపకా నవ్వారు. "ఏమ్మా, పెట్టెలో నాలుగు కాయలు ఉడకేసి వచ్చే ఏడాది సంగతి చెబుతావా? జాతకాలు కూడా చూస్తావా?" నాకు ఒళ్లు మండింది. ఎంత రంగు మిగులుతుందో గోదాము గోడ మీద సుద్దముక్కతో అందరికీ కనబడేలా రాసేశాను.

ఒక్కటే చిక్కు. కాయలు విరక్కుండా బస్తాలకెత్తే ముందు నీళ్లు చల్లుతారు కదా. అలాంటివి పెట్టెలో పెడితే రంగు ఇట్టే దిగిపోయింది, నా లెక్కకు లొంగలేదు. నీళ్లు తగలని సరుకుకే నా మాట వర్తిస్తుందని అంకె కిందే రాశాను. మరి అలాంటి సరుకేది? అడిగితే ప్రతి రైతూ "చుక్క చల్లలేదమ్మా" అనేవాడే. నాకు గట్టిగా తెలిసింది ఒక్కళ్ల సంగతే. కల్లంలో మంచుకు మెత్తబడనిచ్చి తెల్లారగట్ల ఎత్తించే మనిషివి నువ్వే.

మన బస్తాలు అమ్మావా అని పోయినసారి ఫోన్లో అడిగితే మాట దాటేశాను. అమ్మలేదమ్మా. క్రిస్మస్ తర్వాత అక్క దగ్గరికి వెళ్తూ, ఎండలు రాకముందే అమ్మేయమన్నావు. అవి పాడైతే ఈ ఏడు మనకు కౌలుకు పొలం దొరకదని తెలిసీ, నా లెక్క రుజువుకని గోదాములోనే ఆపాను. నాన్నకు చెబితే "మీ అమ్మకు నువ్వే చెప్పుకో" అన్నాడు. ఏప్రిల్, మే నెలల్లో నాకు అన్నం సయించలేదు. లెక్క మీద నమ్మకముంది, అయినా భయం వేసింది.

నిన్న మన బస్తాలు విప్పాం. దారం కోయగానే ఘాటుకు అందరం తుమ్మాం. కాయలు నిగనిగలాడుతున్నాయి. రంగు కొలిచే మిషన్‌లో పెట్టి చూస్తే గోడ మీది అంకెకు దగ్గరగానే వచ్చింది! గౌస్ బాషా గారు చప్పట్లు కొట్టారు. బాపయ్యగారు ఒక కాయ విరిచి, నలిపి, వాసన చూసి హమాలీని నిలదీశారు. "ఒరేయ్, ఇవి కొత్తకాయలు కావూ?"

"కాదండీ, పోయినేటివే. నేనే మోశాను."

అప్పుడు ధర ఎంతమ్మా అని ఆయనే అడిగారు. నేను చెప్పలేదు. పంట నీది, బేరమూ నీదే. ఆదివారం ఆరాధన అవగానే బస్సెక్కు. ఒక్క బస్తా విప్పకుండా ఉంచాను, సోమవారం బాపయ్యగారి ముందు నీ చేత్తోనే విప్పాలి. లోపల ఎలా ఉంటుందో ఇప్పుడే చెబుతున్నా, రాసిపెట్టుకో. ఇంచుమించు నువ్వు ఎత్తించిన నాటిలాగే ఉంటుంది.

తిట్లు ఆ తర్వాత.

ఇట్లు,
నీ మాట వినని చిన్నకూతురు,
హెలెన్