‘వేడి’ అన్న మాట కొట్టివేసి రక్తపరీక్షకు ఉత్తర్వు ఇమ్మని మనవి

ఆరోగ్యాధికారి వారి సముఖమునకు,

అయ్యా,

విషయం: పిల్లల బడిలో వ్యాపించిన పొక్కులను ‘వేడి’ అని నమోదు చేసిన తమ కార్యాలయపు మాటను కొట్టివేసి ‘అంటువ్యాధి’ అని రాయుట గురించి, గర్భవతియైన నా చిన్న కుమార్తెకు ఈ దినమే రక్తపరీక్ష జరిపించుట గురించి.

కంటిపాప నల్లగా ఉండవలసిన చోట తెల్లగా ఉన్న పసిబిడ్డను తమరు ఎప్పుడైనా ఒళ్లో పడుకోబెట్టుకున్నారా? నేను పడుకోబెట్టుకున్నాను. ఆ బిడ్డ నా మనుమరాలు. దీపం చూపితే తల తిప్పేది కాదు. తల్లి మీదికి వంగితే ముఖం చూడక, వాసన పట్టి వెతుక్కునేది. ఎన్నడూ పడుకోబెట్టుకోలేదన్నది తమ జవాబైతే, కింది సంగతులు కడదాకా చదవవలెనని ప్రార్థన.

నేను సైకిళ్లు బాగుచేసి బతుకుతాను. ఆదివారం మా వీధి చివరి రేకుల షెడ్డులో వాక్యం చెబుతాను. బడిలో చదివింది కొద్ది. లేఖనాల మీద వేలు పెట్టి కూడబలుక్కుంటూ అక్షరాలు నేర్చినవాణ్ని. ఇందులో కార్యాలయపు భాష తప్పితే మన్నించవలెను. సంగతి మాత్రం తప్పలేదు.

1. నా పెద్ద కుమార్తె సదరు బడిలో ఆయాగా పనిచేసినది. నడక రానివాళ్ల దగ్గర నుంచి పలక పట్టేవాళ్ల దాకా అక్కడ పిల్లలుంటారు. ముక్కులు తుడవడం, తడి గుడ్డలు మార్చడం, ఏడ్చేవాళ్లను భుజాన వేసుకు తిరగడం ఆమె పని. పోయిన సంవత్సరం ఆ పిల్లలకు సన్నని ఎర్రని పొక్కులు లేచినవి. ముఖాన మొదలై ఒళ్లంతా పాకినవి. చెవుల వెనక చిన్న చిన్న గడ్డలు. జ్వరం పెద్దగా లేదు. బడి పెద్ద టీచరమ్మ చూసి, ఎండలో ఆడి వేడి చేసింది, నీళ్లు ఎక్కువ తాగించండి అన్నారు. తల్లిదండ్రులూ అదే అన్నారు. ఒక్క పిల్లవాణ్ని కూడా ఇంటికి పంపలేదు.

2. తరువాత నా కుమార్తెకూ అవే పొక్కులు లేచి తగ్గిపోయినవి. అప్పటికే ఆమె గర్భవతి. తొలి రోజులు గనుక మా ఇంట్లో తప్ప బయట ఎవరికీ చెప్పలేదు. పిల్లల వేడి నీకూ పట్టుకుందే అని తోటి ఆయా నవ్విందట. ఈమె కూడా నవ్వేసి ఊరుకుంది. తగ్గిపోయిన జబ్బు గురించి ఎవరు ఆలోచిస్తారు?

3. బిడ్డ పుట్టింది. పెద్ద కంటి ఆసుపత్రిలో డాక్టరమ్మ బిడ్డ కంట్లోకి సన్నని వెలుగు వేసి చూశారు. కడుపుతో ఉన్నప్పుడు ఒంటి మీద ఏమైనా లేచాయా అని అడిగారు.

“వేడి చేసిందండీ. రెండు మూడు రోజుల్లో పోయింది.”

“వేడి కాదమ్మా అది. రుబెల్లా.”

ఆమె చెప్పినది నాకు అర్థమైనంత మేరకు మనవి చేస్తున్నాను. రుబెల్లా అన్నది దగ్గులో, తుమ్ములో అంటుకునే వైరస్. పిల్లలకూ పెద్దలకూ దులుపుకుని పోయేంత చిన్న జబ్బు. కడుపులో పిండానికి అలా కాదు. కన్ను రూపు కట్టేది తల్లి నడుము కూడా లావెక్కని తొలి వారాల్లో. ఆ రోజుల్లో వైరస్ తల్లి నెత్తురులో ఉంటే మాయ దాటి బిడ్డలోకి పోతుంది. తేటగా ఏర్పడవలసిన కంటి కటకం మబ్బుపడుతుంది. కొందరికి కన్ను పెరగక చిన్నదిగానే ఆగిపోతుంది. గుండె, వినికిడి కూడా దెబ్బతినవచ్చు. నా మనుమరాలికి రెండు కళ్లలోనూ మబ్బు, ఎడమ కన్ను చిన్నది. ఆపరేషను చేసి మబ్బు కటకాలు తీసేశారు. ఇప్పుడు కుడి కంటికి వెలుగూ, కదిలే చెయ్యీ తెలుస్తున్నాయి. ఎడమ కంటి మీద ఆశ పెట్టుకోవద్దన్నారు.

గర్భమనే చీకటిలో మనిషి రూపు దిద్దుకుంటున్నప్పుడు సృష్టికర్త కన్ను అతని మీదే ఉంటుందని లేఖనం నాకు నేర్పింది. ఆ మాట నమ్మి బతికాను. ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని, చూస్తూ ఊరకున్నావా అని ఆయననే అడిగాను. అయ్యా, ఆయనను అడిగిన నోటితో తమర్ని అడగడానికి నాకు భయం లేదు.

4. ఎవరి పాపానికి ఈ బిడ్డ ఇలా పుట్టిందని మా సంఘంలోని వారే నా ముఖం మీద అడిగారు. పుట్టుగుడ్డివాణ్ని చూపి శిష్యులు ఇదే ప్రశ్న వేస్తే, వాడి పాపమూ కాదు, వాణ్ని కన్నవారి పాపమూ కాదని ప్రభువు కొట్టిపారేసిన సంగతి ఆ ఆదివారం గొంతు చిరిగేలా చెప్పాను. పాపం ఎవరిదీ కాదన్నాను. పొరపాటు కూడా ఎవరిదీ కాదని మాత్రం నేను అనలేదు.

5. ఈ వారం అదే బడిలో అవే పొక్కులు మళ్లీ లేచినవి. వెంటనే నేను తమ కార్యాలయమునకు అర్జీ ఇచ్చాను. తనిఖీదారు వచ్చి, గడప దాటకుండా గుమ్మంలోంచే పిల్లలను చూసి వెళ్లారు. నాకు అందిన జవాబు ఇది: “సదరు పిల్లలకు వేడి చేసినట్లు తెలియవచ్చినది. చలవ చేయు పదార్థములు ఇవ్వవలెను. ఇతర చర్య అవసరము లేదు.” నా మనుమరాలి ఎడమ కంటికి ఏ చలవ పదార్థము పెట్టాలో కూడా రాసి ఉంటే బాగుండేది.

6. పెద్దదాని చోట ఇప్పుడు నా చిన్న కుమార్తె ఆయాగా ఉన్నది. మొన్నా నిన్నా ఆ పొక్కుల పిల్లలనే ఎత్తుకుని తిరిగింది. నిన్న సాయంత్రం ఇంటికొచ్చి, తనకు నెల తప్పిందని అక్కతో చెప్పింది. పెద్దది బిడ్డను నా చేతికిచ్చి లేచి నిలబడింది.

“రేపట్నించి ఆ బడి గుమ్మం తొక్కావంటే కాళ్లు విరగ్గొడతాను.”

“నాకేం కాదులే అక్కా. చిన్నప్పుడు నాకోసారి ఒళ్లంతా లేచిందిగా. ఒకసారి వచ్చినోళ్లకి ఇంచుమించు మళ్లీ రాదని మీ డాక్టరమ్మే అందన్నావు.”

“అప్పుడు దాన్నేమన్నారే?”

చిన్నది నా వైపు చూసింది. తరువాత నేల చూసింది.

“వేడన్నారు.”

అయ్యా, మా ఇంట్లో చెమటకాయలు లేచినా వేడే, దద్దురు లేచినా వేడే, నోరు పూసినా, కన్ను ఎర్రబడినా వేడే. చిన్నదానికి అప్పుడు వచ్చింది రుబెల్లానో చెమటకాయో చెప్పగల మనిషి లేదు. వాళ్లమ్మకు జ్ఞాపకం ఉండేదేమో. ఆమె కాలం చేసింది. ఇక నిజం చెప్పగలిగింది దాని నెత్తురొక్కటే.

7. ఆ సంగతే ఈ ఉదయం కంటి డాక్టరమ్మకు ఫోను చేసి అడిగాను. కడుపుతో ఉండగా టీకా వేయరాదన్నారు. ఇవాళే నెత్తురు తీస్తే దానికి పాత రక్షణ ఉన్నదో లేదో తెలుస్తుందని, రోజులు గడిస్తే కనబడిన రక్షణ పాతదో ఇప్పుడు సోకిన జబ్బు వల్ల వచ్చినదో తేల్చడం కష్టమని చెప్పారు. రక్షణ లేదని తేలితే వెంటనే పెద్దాసుపత్రి వారి పరిశీలనలో పెట్టి, మళ్లీ మళ్లీ పరీక్ష చేయాలట. ఆ పరీక్ష ఈ చుట్టుపక్కల తమ లేబొరేటరీలో తప్ప లేదు. తిన్నగా అక్కడికే వెళ్లాము. గుమాస్తా మర్యాదగానే మాట్లాడాడు.

“రికార్డులో వేడి అనుందండీ. వేడికి రక్తపరీక్ష లేదు. ఆఫీసరు గారు అంటువ్యాధి అని రాస్తే ఇప్పుడే తీస్తాం.”

కావున అయ్యా, సదరు రికార్డులో ‘వేడి’ అన్న మాటను కొట్టివేయవలెను. నా చిన్న కుమార్తెకూ, ఆ బడికి వచ్చిపోయే గర్భవతులందరికీ నేడే రక్తపరీక్షకు ఉత్తర్వు ఇవ్వవలెను. పొక్కులు తగ్గేదాకా బడి మూయించవలెను. పిల్లలకూ, ఇంకా గర్భం దాల్చని ఆడపిల్లలకూ టీకా వేయించవలెను. ఈ మనవి చిత్తగించవలెను, చిత్తగించి ఊరకుండరాదు.

తమ విధేయుడు,
సైకిళ్లు బాగుచేయు వాక్య బోధకుడు

తా.క. అయ్యా, ఇక ఆ భాష నా వల్ల కాదు. మా చిన్నది తమ గది బయట బెంచీ మీదే కూర్చుని ఉంది. వాళ్లక్క దాని చెయ్యి వదలడం లేదు. లేబొరేటరీ ఈ వరండా చివరే, మధ్యాహ్నానికి మూసేస్తారట. తనిఖీకి మళ్లీ ఎవర్నీ పంపకండి, రేపు రమ్మనకండి. రేపటికి ఆ నెత్తురులో ఏం చేరుతుందో మీకూ తెలియదు, నాకూ తెలియదు. కలం తియ్యండి, ఆ ఒక్క మాట కొట్టెయ్యండి, తలుపు తీసి దాన్ని లోపలికి పిలవండి. ఇప్పుడే పిలవండి.