మరిచిపోయే పెట్టెనే పెట్టించమని

గ్రంథాలయ శాఖ కంప్యూటర్ల విభాగపు అధికారి గారి సముఖమునకు,
నాలుగో నంబరు పఠన మందిరం అటెండరు వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: పఠన మందిరాల కంప్యూటర్లలో వేయబోవు ఓపెన్ సోర్స్ ఆపరేటింగ్ సిస్టమునందు డిఫాల్టుగా ఉంచవలసిన సెర్చ్ ఇంజన్ గురించి – జాబితాలోని మూడవదానినే ఖాయం చేయవలెనని – అంతవరకు ఆగకుండా మా మందిరంలో ఉన్నదానిని వెంటనే తీయించవలెనని – మనవి.

1. నేను ముప్పై ఒక్క సంవత్సరములుగా ఈ మందిరపు తలుపు తీయుట, బల్లలు తుడుచుట, పత్రికలు సర్దుట చేయుచున్నాను. ఊరి బడిలో ఐదవ తరగతి వరకు చదివితిని. పై అధికారులకు కాగితం వ్రాయుట ఇదే మొదటిసారి. "నీ నోట్లోంచి మాట లాగడం కంటే కాల్లోంచి ముల్లు లాగడం తేలిక" అని మా ఆవిడ అంటుంది. తప్పులుంటే మన్నించగలరు.

2. తమ సర్క్యులరును నోటీసు బోర్డుకు నేనే అంటించితిని. అందులో మూడు సెర్చ్ ఇంజన్లు ఉన్నవి. మొదటిది వేగము గలది, అడిగినవన్నీ గుర్తుంచుకొనునది, మాట సగం కొట్టగానే మిగతాది తానే పూర్తి చేయునది. రెండవది కొంత గుర్తుంచుకొనునది. మూడవది ఏమియు గుర్తుంచుకొననిది, మాట పూర్తి చేయనిది. సిబ్బంది అభిప్రాయములు నెలాఖరులోగా పంపవచ్చునని ఉన్నది. ఇది నా అభిప్రాయము.

3. ఈ సిస్టమును రెండేళ్ళ క్రితమే ప్రయోగముగా మా నాలుగు కంప్యూటర్లలో వేసిరి. వేసినవారు జీతం లేకుండా పనిచేసే మంచివారు. దాని లోపల ఏమున్నదో ఎవరైనా తెరిచి చూసుకోవచ్చునని చెప్పిరి. వెతికే పెట్టెగా వారు పెట్టినది ఆ మూడవదే. దానిని మార్చినది నేను.

ఆ సంగతి దాచను. ఒకరోజు కంప్యూటరు తనను తాను కొత్తగా సర్దుకొని, ఏ ఇంజన్ కావాలని అడిగింది. నేను మొదటిదాని మీద నొక్కాను. నాకు అక్షరాలు సరిగా రావు. మూడవదానిలో మాట తప్పు కొడితే తప్పుగానే వెతికేది. మొదటిది అలా కాదు. రెండక్షరాలు కొట్టగానే నా మనసులోని మాట తెచ్చి ముందు పెట్టేది. మాటలు రాని వాడికి అది ఎంత సుఖమో తమబోటి చదువుకున్నవారికి చెప్పలేను. అది ఖాతా అడిగితే తమ కార్యాలయపు గుమాస్తాగారు వచ్చి, నాలుగింటిలోనూ ఒకే ఖాతా తెరిచి, పాస్‌వర్డు తమ దగ్గరే ఉంచుకొని వెళ్ళారు.

4. మందిరానికి ఎదురు వరుసలో బట్టలు కుట్టే ఆమె ఉండేది. మధ్యాహ్నం పూట వచ్చి, కిటికీ పక్క కంప్యూటరు దగ్గర అరగంట కూర్చునేది. నన్ను తాతా అనేది. ఒకసారి కుడిచేతి రెండు వేళ్ళకు గుడ్డ చుట్టుకొని వచ్చింది. సూది దిగింది తాతా అంది. సూది దిగితే వేలు పక్కకు తిరగదు. మీటల మీద అక్షరాలు అరిగిపోతే కాగితం ముక్కల మీద రాసి అంటించాను, ఎడమచేత్తో వెతుక్కుంటుందని.

చివరిసారి వెళ్ళబోతూ నా బల్ల దగ్గర ఆగింది.

"తాతా, నేనిందులో ఏం అడుగుతున్నానో ఎవరికైనా తెలుస్తుందా?"

"నేను తప్ప ఇక్కడెవరున్నారమ్మా" అన్నాను.

5. రెండు రోజుల తర్వాత ఆమె భర్త వచ్చారు. ఇస్త్రీ చొక్కా, చేతిలో ఒక నోటుపుస్తకం. నాకు నమస్కారం పెట్టారు. ఆమె ఇల్లు విడిచి వెళ్ళిందని చెప్పి, "మా ఆవిడ ఎక్కడ కూర్చునేది పెద్దాయనా" అని అడిగారు. నేను చెయ్యి చూపించాను. ఎందుకు చూపించానో ఇప్పటికీ తెలియదు. పెద్దమనిషిలా అడిగారు, చూపించాను.

ఆయన క నొక్కారు. పెట్టె తెరుచుకొని అంతకుముందు అడిగినవి కింద వరుసలుగా చూపించింది. మొదటి వరుస ఆయన పైకి చదివారు.

"కుట్టుమిషన్ బస్సులో ఎక్కనిస్తారా."

"అబ్బో, ఎంత ముందుచూపు" అన్నారు. నవ్వారు కూడా. తర్వాత పుస్తకం తెరిచి, తేదీ వేసి, ఆ వరుస రాసుకున్నారు.

6. ఆ రోజు నుంచి ఆయన ప్రతిరోజూ వస్తున్నారు. అ నుంచి మొదలుపెట్టారు. అచ్చులు ఒక్కరోజులో అయ్యాయి. ఆ తర్వాత గుణింతాలు. క, కా, కి, కీ అని పెదవులు కదుపుతూ, మా బడిలో పంతులుగారు చెప్పించిన వరసలోనే, ఒక్కొక్కటి నొక్కుతారు. కింద ఏం వస్తుందో చూస్తారు, రాసుకుంటారు, చెరుపుతారు, తర్వాతది నొక్కుతారు. తొందరపడరు. వేలు విరిగితే ఎన్నాళ్ళకు అతుకుతుందన్నది ఆయన పుస్తకంలో ఉంది. ఒంటరి ఆడమనిషికి గది ఇస్తారా అన్నది కూడా ఉంది. ఆమె మనిషి లేదు గానీ గొంతు మాత్రం ఆ కుర్చీ ముందు అడుగుతూనే ఉంది. ఎవరు ఏ అక్షరం నొక్కినా జవాబు చెప్పినట్టు లేచి వస్తోంది.

తొమ్మిది రోజులకు క్ష దాకా వచ్చారు. ఇక లేస్తారనుకున్నాను. మళ్ళీ అ నొక్కారు.

నేను ఇంట్లో అన్నం తింటున్నా క, కా, కి, కీ అని వినిపిస్తోంది.

7. ఆయనను రావద్దని చెప్పుటకు వీలులేదు. మందిరం అందరిదీ. మౌనముగా కూర్చున్నవారిని లేపరాదని నిబంధన. ఒకరోజు కరెంటు లేదని చెప్పాను. ఆయన నెమ్మదిగా తలెత్తి, తిరుగుతున్న ఫ్యాను వంక చూశారు. "పెద్దాయనా, మీకు అబద్ధం ఆడ్డం రాదు. మీరు మంచివారు" అన్నారు.

8. కంప్యూటర్లు బాగుచేసే అతనిని పిలిచి చూపించాను. ఇక్కడ చెరిపినా ఆ కంపెనీ దగ్గర ఉంటుందని, ఖాతా తెరిస్తే మళ్ళీ వస్తుందని, పాస్‌వర్డు లేనిదే ఏమీ చేయలేనని చెప్పాడు. పోనీ డిఫాల్టు మార్చమంటే, "మార్చితే నువ్వు అడిగేవి దాంట్లోకి పోవు. పాతవి చూడాలనుకున్నవాడు పాతదే తెరుచుకుంటాడు. ముందు ఖాతా మూయించు తాతా" అన్నాడు. తమ కార్యాలయమునకు కబురు చేసితిని. "డిఫాల్టు సెర్చ్ ఇంజన్ అంశము కమిటీ పరిశీలనలో ఉన్నందున, నిర్ణయము వెలువడు వరకు ప్రస్తుత అమరికలలో ఎట్టి మార్పు చేయరాదు" అని జవాబు వచ్చినది. ఆ కాగితము భద్రముగా ఉన్నది.

9. సర్క్యులరులో, ఏది డిఫాల్టుగా పెట్టినా చదువరి తనకు నచ్చినది మార్చుకొను వీలున్నది గనుక ఇబ్బంది లేదని వ్రాసినారు. అయ్యా, ఆమెకు ఆ వీలు ఉన్నట్టే తెలియదు. వాకిట్లో ఏ చెంబు పెడితే వచ్చినవాళ్ళు దానితోనే కాళ్ళు కడుక్కుంటారు, లోపల ఇంకో చెంబు ఉందా అని అడగరు. మార్చుకోవడం తెలిసినవారికి ఏది పెట్టినా ఒకటే. తెలియనివారి కోసమే ముందు పెట్టేది సరైనదై ఉండాలి.

ఇల్లంతా తలుపులు తీసి చూసుకోండని ఇచ్చిన ఆ మంచివాళ్ళ సిస్టములో, ఒక్క గదికి మాత్రం పరాయివాడి తాళం వేసింది నేను. కమిటీవారు అదే తాళాన్ని తక్కిన మందిరాలన్నిటికీ వేస్తారని భయంగా ఉంది.

10. మూడవదానితో కష్టములు లేవని అనను. మాట పూర్తి చేయదు. ముసలివాళ్ళు విసుక్కుంటారు, నేనే మొదట విసుక్కుంటాను. తప్పు కొడితే తప్పే వస్తుంది. రానివ్వండి. పక్కవాడిని అడిగి దిద్దుకుంటాం.

11. ఇది చెప్పాలా వద్దా అని మూడు రోజులు ఆలోచించాను. ఆయన మొదటిసారి వచ్చి వెళ్ళిన సాయంత్రం నేను ఆమె కుర్చీలో కూర్చొని, ఆయన చేస్తున్న పనే చేశాను. అక్షరం తర్వాత అక్షరం. ఒక అక్షరం కింద ఒక ఊరి పేరు వచ్చింది. ఆ ఊళ్ళో గదులు, ఆ ఊళ్ళో కుట్టుపని, ఆ ఊరికి పొద్దున బస్సు.

ఆ ఊరి పేరు ఇక్కడ రాయను. అక్షరం కూడా రాయను. అర్జీ ఫైలులో ఉంటుంది, ఫైలు ఎవరైనా అడిగి చూడవచ్చు.

పెట్టె కింద పది వరుసలే పడతాయి. కొత్తవి అడిగితే పాతవి కిందికి పోతాయి. అందుకని మర్నాటి నుంచి తలుపు తీసే వేళకు గంట ముందే వస్తున్నాను. ఆ అక్షరంతో మొదలయ్యే ప్రశ్నలు నేనే అడుగుతున్నాను, పది నిండేదాకా. ఆయన మొదటి చుట్టులో ఆ అక్షరం దగ్గరకు వచ్చినప్పుడు నా పిచ్చి ప్రశ్నలే రాసుకున్నారు. నేను తలుపు పట్టుకొని నిలబడ్డాను.

కానీ ఆ ఊరు మళ్ళీ పైకి వస్తోంది. ఒకరోజు, రెండు రోజులు కిందనే ఉంటుంది, తర్వాత నీళ్ళలోంచి తేలినట్టు తేలుతుంది. ఎక్కువసార్లు అడిగినదాన్ని అది వదలదట. ఎన్నిసార్లు అడిగిందో తల్లి.

12. కావున, పై విషయములన్నియు ఆలోచించి, (అ) మా మందిరపు ఖాతాను ఈ అర్జీ అందిన రోజుననే మూయించి అందులోనివి చెరిపించవలెననియు, (ఆ) అన్ని మందిరములకును ఆ మూడవ ఇంజన్‌నే డిఫాల్టుగా నిర్ణయించవలెననియు, (ఇ) మొదటిదానిని నొక్కిన నేరమునకు నాపై ఏ చర్య తీసుకొన్నను నాకు అభ్యంతరము లేదనియు, తమరు చిత్తగించి కమిటీ కూర్చునే రోజు దాకా ఆగకుండా సెలవిప్పించవలెనని వేడుకొనుచున్నాను.

తమ విధేయుడు,
నాలుగో నంబరు మందిరం తలుపు తీయువాడు

తా.క. అయ్యా, ఇంకొక మాట. ఒకే ప్రశ్న పదిసార్లు అడిగితే ఒక్క వరుసే అవుతోంది. రోజూ కొత్తవి కావాలి. ఆ అక్షరంతో నాకు తెలిసిన కూరగాయలు, పక్షులు, పనిముట్లు, జబ్బులు అన్నీ అడిగేశాను. మా ఆవిడను అడిగితే ఎందుకని అడగకుండా ఎనిమిది మాటలు చెప్పి, "నలభై ఏళ్ళలో నువ్వు నన్ను మాటలు అడగడం ఇదే" అంది. అవి నిన్నటితో అయిపోయాయి. ఈ ఉదయం ఏడే దొరికాయి. ఆయన రెండో చుట్టులో ఉన్నారు. తమరు బాగా చదువుకున్నవారు, ఆ అక్షరంతో కొన్ని మాటలు రాసి పంపమని అడుగుదామనుకున్నాను. ఏ అక్షరమో చెప్పకూడదు గనుక, దయచేసి అన్ని అక్షరాలవీ పంపించండి.