నువ్వు పోయినంక పడ్డ సంతకం

తమ్మీ రాజయ్యా,

మొన్న నీ ఏడాది జ్ఞాపకార్థ కూడిక పెట్టినం. ప్రార్థన అయ్యి అందరు అన్నం తింటుంటే నీ భార్య సరోజన చేతిల నీ ఫోన్ మోగింది. విత్తనాల కంపెనీతోని నువ్వు చేసుకున్న విత్తన వరి ఒప్పందం మళ్ల కుదిరిందట, నీ సంతకం పడ్డదట!

అది బ్లాక్‌చెయిన్ సంతకమట, ఎవ్వలు చెరపలేరట. గడువు కాంగనె ఒప్పందం దానంతట అదే కొత్తగ అయితదట. సరోజన ఈసారి విత్తన వరి వద్దు, మక్కజొన్న పెడ్తనన్నది. నిన్ను మట్టిల పెట్టేనాడు వచ్చి ఏడ్చిపోయిన కంపెనీ ఏజెంటే అన్నడు: "కంపెనీ కంప్యూటర్ల అన్న బతికే ఉన్నడు వదినా. రద్దు చెయ్యాలన్నా ఆయన సంతకమే కావాలె."

"అయితే నువ్వే పోయి పెట్టించుకరా," అన్నది సరోజన.

ప్రభువు పేరు పెట్టి పిలిస్తే సమాధిలకెల్లి లాజరు లేచిండు. ఇక్కడ మనిషి మట్టిల ఉండంగనె సంతకం లేచింది. ఇదేం పునరుత్థానం?

ఒళ్లు మండి కరీంనగర్ వకీలు దగ్గరికి పోయినం. గిసొంటి సంతకం చెల్లుతదో లేదో చట్టం ఇంకా తేల్చలేదన్నడు. "మీ తమ్ముడు చనిపోయిండని మీరిద్దరు ప్రమాణపత్రం ఇయ్యుండ్రి అయ్యగారు, కొట్లాడుదాం," అన్నడు.

సరోజన అక్కడనే సంతకం పెట్టింది. నేను పెట్టలే. నీ పెట్టె మూసేనాడు పాస్టర్‌గ నిలబడి "రాజయ్య సావలే, నిద్రపోయిండు" అని గొంతు చినిగేటట్టు చెప్పినోణ్ని నేనే. ఏడాది సంది "సచ్చిండు" అన్న మాట నా నోట రాలే.

మక్కలు పెట్టే పదును పోతున్నది, తమ్మీ. పొద్దుగాల పోయి ఆ సంతకం పెడ్త.

మీ అన్న