ఫోన్ చేయను, ఒట్టు

1వ తేదీ, సోమవారం, ఉదయం

దొరికింది! పాముచెవి దొరికింది! ఫేస్‌బుక్‌లో! జుట్టు ముగ్గుబుట్టయింది గానీ ఆ ముక్కు అదే.

టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో మావి పక్కపక్క కుర్చీలు. తీగలు పీకి, గుచ్చి, ఊళ్లను కలిపేవాళ్లం. అవతల మనిషి ఊపిరి పీలిస్తే చాలు, "గోనెసంచుల షాపాయనే, తొందరగా ఇవ్వవే, అసలే కోపిష్టి" అనేది. అందుకే పాముచెవి అన్నాం. నన్ను వసపిట్ట అనేవాళ్లు. ఎందుకో రాయక్కర్లేదు.

ఎక్స్ఛేంజి మూసేశాక తలో దిక్కూ అయ్యాం. ముప్పై ఏళ్లు! ఫ్రెండ్ రిక్వెస్ట్ పెట్టాను. ఒప్పుకుంది! అక్కడే దాని నంబరూ ఉంది. వెంటనే ఫోన్ చేయబోతే మా అమ్మాయి చెయ్యి పట్టుకుంది.

"అమ్మా, క్యాంటీన్ అంకుల్ సంగతి మర్చిపోయావా?"

మర్చిపోలేదు. మా ఎక్స్ఛేంజి క్యాంటీనాయన, పోయిన నెల ఆయనా ఇలాగే దొరికాడు. ఉబ్బితబ్బిబ్బయి రోజూ ఫోన్ చేశాను. వారం తిరక్కుండా నంబరే మార్చేశాడు.

"ఇప్పుడెవరూ చెప్పాపెట్టకుండా ఫోన్ చేయరమ్మా. మెసేజ్ పెట్టు."

సరే. దీన్ని కూడా పోగొట్టుకుంటే ఆ రోజుల వాళ్లు నాకింకెవరూ మిగలరు. తీర్మానం: ఈ నెలంతా ఒక్క ఫోన్ కూడా చేయను. టైపింగే. ఒట్టు!

అదే రోజు, సాయంత్రం

"ఎలా ఉన్నావే" అని టైప్ చేసేలోపు టీ చల్లారిపోయింది. వెళ్లింది మాత్రం "ఎలుక ఉన్నావే" అని.

జవాబు: "పిల్లి లేదు కాబట్టి హాయిగా ఉన్నా. నువ్వెలా ఉన్నావే వసపిట్టా?"

ఎంత నవ్వానో! మావారు పేపర్ దించి చూశారు. మా ఇంట్లో ఆ పేపర్ దిగడమే ఒక విశేషం.

3వ తేదీ, బుధవారం

టైపింగ్ అద్భుతం! కూర మాడదు, గొంతు నొప్పి లేదు. ఇన్నాళ్లూ ఎందుకు చేయలేదో!

అదీ చాంతాడంత మెసేజ్‌లు రాస్తోంది. వాళ్లాయన పోయారట. కొడుకు దగ్గర ఉంటోందట. కోడలు మంచిదేనట, "ఉప్పు చూసే అలవాటొక్కటే లేదు." సూపర్‌వైజరమ్మ మెట్లెక్కే చప్పుడు వినగానే నిన్ను మోచేత్తో పొడిచేదాన్ని, గుర్తుందా అని రాసింది. గుర్తులేకపోవడమేమిటి! ఆ పోట్లే లేకపోతే నా ఉద్యోగం ఎప్పుడో ఊడేది.

మా అమ్మాయికి చూపించాను. "చూశావా, నేను చెప్పలా!" అంది. ఒప్పుకున్నాను.

6వ తేదీ, శనివారం

చిన్న విషయం. చూపుడువేలు వాచింది. ఆరోగ్యం కన్నా తీర్మానం ఎక్కువా?

అయినా చెప్పాపెట్టకుండా చేయకూడదన్నారు గానీ, చెప్పి చేయొచ్చుగా. "ఫోన్ చేయనా?" అని మెసేజ్ పెట్టాను. "వద్దే, బయట ఉన్నా" అంది. కాసేపాగి చేశాను. ఎత్తలేదు.

మాట్లాడలేదు కాబట్టి ఇది లెక్కలోకి రాదు.

8వ తేదీ, సోమవారం

మళ్లీ అడిగాను. "ఇంట్లో చుట్టాలు" అంది. మధ్యాహ్నం చుట్టాలు కునుకు తీస్తారు కదా అని మధ్యాహ్నం చేశాను. ఎత్తలేదు. సాయంత్రం పొరపాటున చెయ్యి తగిలి వెళ్లింది. చెయ్యి ఇంకో రెండుసార్లు తగిలింది.

అప్పుడొచ్చింది మెసేజ్: "ఏంటే అన్నిసార్లు? రాయొచ్చుగా."

రాయొచ్చుగా! అంటే ఫోన్ చేతిలోనే ఉందన్నమాట!

9వ తేదీ, మంగళవారం

కడుపు మండిపోతోంది. ముప్పై ఏళ్ల తరవాత నా గొంతు వినాలని కూడా లేదు మహారాణిగారికి. నా వాగుడు భరించలేదు, అంతే. క్యాంటీనాయనే నయం, సాకులు చెప్పకుండా పోయాడు.

"నీకంత పొగరైతే నాకూ అక్కర్లేదు" అని రాసి బ్లాక్ చేసేశాను. విచిత్రం, ఈ మెసేజ్‌లో ఒక్క తప్పూ పడలేదు.

అన్నం సహించలేదు. మావారు "ఏమైంది?" అన్నారు. ఏడుపొచ్చేసింది.

10వ తేదీ, బుధవారం, ఉదయం

తిడితే నోటితో తిట్టాలి గానీ వేలితో ఏమిటి? దాని నంబర్‌కే మళ్లీ చేశాను. ఎత్తారు!

"ఏమే, ఎంత గొప్పదానివైతే మాత్రం..." అని అందుకున్నానో లేదో, "ఆగండాగండి, నేను వాళ్ల కోడల్ని" అన్నారు అవతల. "ఫోన్ ఛార్జింగ్‌లో ఉంటే ఎత్తాను. వసపిట్ట అని పడింది. మీరేనాండీ?"

"నేనే. మీ అత్తగారిని పిలవమ్మా."

"పిలిచినా లాభం లేదండీ. అత్తయ్యకి మూడేళ్ల నుంచి అస్సలు వినపడదు. మిషన్ పెట్టించినా పని చేయలేదు."

నాకు నోట మాట రాలేదు. నాకు!

"మరి నాతో ఒక్క ముక్క చెప్పలేదేమ్మా?"

"చెప్పమనే అన్నానండీ. 'అదింకా నన్ను పాముచెవీ అనే పిలుస్తోందే. అలా పిలిచేవాళ్లు నాకింకెవరున్నారు? కొన్నాళ్లు పిలవనీ' అన్నారు. నిన్న మీ మెసేజ్ చూసి ఏమీ తినలేదు. నేను చెప్పానని మాత్రం అనకండి."

ఫోన్ పెట్టేశాను. ఎంత పని చేశాను! నా చెంపలు నేనే వాయించుకోవాలి.

అదే రోజు, మధ్యాహ్నం

బ్లాక్ తీయడం నాకు చేతకాదు. మా అమ్మాయిని బతిమాలితే నాలుగు చీవాట్లు పెట్టి తీసింది. రాశాను, చెరిపాను, మళ్లీ రాశాను. చివరికి పంపింది ఇది:

"క్షమించవే పాముచెవీ. ఒళ్లు మండి ఏదో వాగాను. ఇక ఫోన్ చేయనులే. నా గోల పడలేక మా అమ్మాయి నా ఫోన్ కాల్సన్నీ ఆపించేసింది. ఇక మనకి టైపింగే గతి."

అవతల టైప్ చేస్తున్నట్టు చుక్కలు కనిపించాయి. ఆగిపోయాయి. మళ్లీ కనిపించాయి.

వచ్చింది: "మీ అమ్మాయి బంగారమే! అన్నిసార్లు మోగిస్తావా? నా చెవులు చిల్లులు పడ్డాయి, తెలుసా!"

నవ్వుతూనే ఏడ్చాను. మావారు పేపర్ మడిచి పక్కన పెట్టేశారు.

11వ తేదీ, గురువారం, ఉదయం

కొత్త తీర్మానం: ఈ నెలే కాదు, బతికినన్నాళ్లూ దానికి ఒక్క ఫోన్ కూడా చేయను. టైపింగే. వాచిన వేలికి సెలవు, ఇవాళ్టి నుంచి ఎడమచేత్తో.

లేవగానే రాశాను: "ఒసేయ్ పాముచెవీ, వింటున్నావా?"

"వింటున్నానే. చెప్పు."

చెప్పడం మొదలుపెట్టాను.