మనీలా అవ్వ మాట

అవ్వా, మనీలాలో నీ ఇంట్లో అద్దెకుండి డాక్టరు చదివిన మదనపల్లె పిల్లను. నువ్వు పోయి ఈ పొద్దుకు ఏడాది. ఈడ కాలేజీ మీటింగులో ఒక పెద్దాయన, "జపాను సైన్యం ఆసియాను విడిపించేదానికే వచ్చింది" అన్నాడు. అందరూ చప్పట్లు! నాకు ఒళ్లు మండిపోయింది.

పరీక్షరోజు నీ కాళ్లకు మొక్కబోతే గడ్డం పట్టి లేపి, "ఈ ఇంట్లో ఎవరూ వంగద్దు" అని అరిస్తివి. రెండో ప్రపంచ యుద్ధంలో మనీలాను పట్టుకున్న జపాను సిపాయికి సరిగ్గా వంగలేదని మీ నాయన్ని నీ కండ్ల ముందరే కొట్టి సంపినారని ఆ పొద్దే చెప్తివి. అమెరికావాళ్లొచ్చి ఊరిని విడిపించేనాటికి మీ ఇంట్లో నువ్వొక్కదానివే మిగిలింటివి.

మీటింగులో లేచి అదే చెప్పినా. "కూర్చోమ్మా, యుద్ధంలో అవన్నీ మామూలే" అన్నాడు ఆ పెద్దాయన. ఎవురికి మామూలు?

మీటింగు అయినాక అందరూ ఆయన కాళ్లకు మొక్కతా నన్నూ రమ్మన్నారు. దీవించేదానికి ఆయన చెయ్యెత్తుకొనే ఉండాడు.

నేను వంగలేదవ్వా.