గొడుగుగుడ్డ గుడారం

కొవ్వూరు,
26-11-1979

రమాదేవి వదినగారికి నమస్కారాలు.

ఆదివారం భజనలో నా పట్టిసీమ పాదయాత్ర గురించి నా చేత చెప్పించి, దండ కూడా వేయిస్తారని తెలిసి, ఇక దాచలేక రాస్తున్నాను.

కొట్లో కాన్వాసు గుడారం బరువూ ధరా చూసి భయపడి, గొడుగులు బాగుచేసే సాయిబుగారి చేత గొడుగుగుడ్డతో కుట్టించుకున్నాను. "ఇంకో గజం వేస్తే ఇద్దరు పడతారండి" అన్నారాయన. వెళ్ళేది ఒక్కదాన్నే, మోయలేనని వద్దన్నాను.

పట్టిసీమ ఇంకా ఆరు మైళ్ళుందనగా సాయంత్రం వాన పట్టుకుంది. గోదావరి ఇసకలోనే మేకులు దిగ్గొట్టి లోపల కూర్చున్నాను. నెత్తిన తట్టతో ఒక ముసలావిడ వచ్చి, "కాస్త తల దాచుకోనిస్తారాండీ?" అంది. పూజబుట్ట ఒళ్ళో పెట్టుకుంటే చోటుండేది. "మడిలో ఉన్నాను" అన్నాను. అబద్ధం, వదినగారూ. అప్పటికే దారిలో హోటల్లో ఇడ్లీ తిన్నాను.

"అయితే మీరు కదలకండి. ఇసకలో మేకులు ఆగవండి, మీ గుడారం గాలిపటమైపోద్ది" అని నవ్వి, తాడు చేతికి చుట్టుకుని వాన తగ్గేదాకా బయటే కూర్చుంది. అయినా లోపలికి పిలవలేదు. పిలిస్తే నా మడి అబద్ధమని తెలిసిపోతుందని.

వాన వెలిశాక చూస్తే ఆమె అరచెయ్యి కోసుకుపోయింది. "దర్శనానికెళ్ళేవారు, మీరు తడవకూడదండి" అంది. ఆమె పేరైనా నేనడగలేదు. వీరభద్రుడి ముందు చేతులు జోడించాను గాని కళ్ళెత్తలేకపోయాను.

ఆ దండ నాకు వద్దు. ఈ కాగితాలు ఎవరికీ చూపించకండి, చింపనూ చింపకండి. నేనెప్పుడైనా మడి అని ఎవరినైనా దూరం పెడితే, తీసి నాకే చదివి వినిపించండి.

మీ ఆడపడుచు